ఇంప్లాంట్ వేసిన డాక్టరెవరో బిల్లు మీద రాయరా?

ఎడిటర్ గారికి నమస్కారం.

హనుమకొండలో బస్టాండు నుంచి మా ఇంటికొచ్చే దారిలోనే పళ్ళ ఆస్పత్రుల హోర్డింగులు నాలుగున్నాయి. మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు, ఈఎంఐ, సీనియర్ సిటిజన్లకు డిస్కౌంట్, అన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి గానీ చేసే డాక్టరు ఏం చదివాడో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. నేనూ అలాంటి బోర్డు చూసే వెళ్ళాను లెండి.

రెండేళ్ళ కింద కింది దవడ పన్ను తీసేశాక 28 వేలు కట్టి ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో వేరులా టైటానియం ముక్క పాతి దాని మీద పన్ను పెట్టేది, వేయించుకున్నాను. ఆదివారం పొద్దున రమ్మన్నారు. వెళ్తే బోర్డు మీద పేరున్న డాక్టరు గారు పక్కన నిలబడ్డారు, పని చేసింది హైదరాబాద్ నుంచి వచ్చిన విజిటింగ్ డాక్టరు. మాస్కు తీయలేదు, నలభై నిమిషాల్లో ముగించి, భుజం తట్టి, ఇంకో ఊరికి టైమవుతోందంటూ వెళ్ళిపోయాడు. ఆయన పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. నాలుగు నెలలకు క్యాప్ పెట్టారు, ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు జొన్నరొట్టె తింటుంటే ఏదో కదిలినట్టనిపించి నాలుకతో నెట్టి చూస్తే పన్ను అటూ ఇటూ ఊగుతోంది.

క్లినిక్‌కి పరుగెత్తితే అది చేతులు మారింది. కొత్తాయన చూసి, "లోపల స్క్రూ వదులైంది అంకుల్, బిగిస్తే సరిపోతుంది, కానీ ఇది ఏ కంపెనీది?" అన్నాడు. నాకేం తెలుసు? ఒక్కో కంపెనీ స్క్రూ తల ఒక్కో రకంగా ఉంటుందట, దానికి సరిపోయే డ్రైవర్ లేకపోతే బలవంతంగా తిప్పకూడదట. ఎక్స్‌రే చూసి అంచనా వేసి, డ్రైవర్లు తెప్పించి, మూడోసారికి గానీ బిగించలేకపోయాడు. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న చిన్న స్టిక్కర్ వస్తుందని, దాన్ని పేషెంట్ ఫైల్లో అంటించాలని అప్పుడే విన్నాను. నాది ఆ ఆదివారమే చెత్తబుట్టలోకి పోయినట్టుంది.

అప్పటి నుంచి అందరినీ అడిగి తెలుసుకున్నదేమంటే, మన దేశంలో ఇంప్లాంట్లకని విడిగా ఎండీఎస్ (పళ్ళ డాక్టర్ల పీజీ) బ్రాంచి లేదు. కట్టుడు పళ్ళ నిపుణులు, అంటే ప్రోస్తోడాంటిస్టులు, చిగుళ్ళ డాక్టర్లు, దవడ సర్జన్లు ఎక్కువగా చేస్తారు. బాగా శిక్షణ తీసుకున్న బీడీఎస్ (పళ్ళ వైద్యంలో మొదటి డిగ్రీ) డాక్టర్లూ చేస్తారు, వాళ్ళను తక్కువ చేయడం లేదు, నా స్క్రూ బిగించింది బీడీఎస్ కుర్రాడే. కాబట్టి బోర్డు మీద ఇంప్లాంట్ స్పెషలిస్ట్ అని ఉంటే ఏ బ్రాంచి, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, రేపు తేడా వస్తే ఎవరు చూస్తారు అని మొహమాటం లేకుండా అడగాలి. చీర కొనేటప్పుడు పది కొట్లు తిరుగుతాం కదా, దవడ ఎముకకు రంధ్రం పెట్టించుకునే ముందు ఇంకో డాక్టర్ని అడిగితే తప్పేముంది? హైదరాబాద్ వెళ్ళే పనుంటే అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనైనా ఒకసారి చూపించుకోవచ్చు.

దవడ ఎముకను త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్ చూడకుండా, షుగర్ ఎంతుందో అడగకుండా, ఎముకల బలానికి మాత్రలో ఇంజెక్షన్లో వాడుతున్నారా అని కనుక్కోకుండా డేటు ఇచ్చేస్తే లేచి వచ్చేయండి. మామూలు ఎక్స్‌రేలో ఎముక మందం తెలియదు. కింది దవడలో నరానికి తగిలితే పెదవి మొద్దుబారి అలాగే ఉండిపోవచ్చు. మూడు రోజుల పళ్ళంటారా, కొందరి ఎముకకు పనికొస్తాయట, అందరికీ కాదు. ఎముక టైటానియంకి అతుక్కుపోతుందని గమనించి స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్ 1965లో మొదటి పేషెంటుకు ఇంప్లాంట్ వేశాడు. అరవై ఏళ్ళు దాటినా ఆ ఎముక బాగా అతుక్కోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతూనే ఉంది, మన హోర్డింగుల తొందర దానికి తెలియదు.

డెంటిస్ట్ చట్టం 1948లోనే వచ్చింది, ప్రతి డాక్టరుకూ రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. బోర్డు మీద పేరున్నవారిది కాదు, ఆ రోజు చేయి పెట్టినవారి పేరు, నంబరు, ఇంప్లాంట్ స్టిక్కర్ బిల్లుతో పాటు ఇవ్వాలని అధికారులు ఒక్క ఆర్డరు వేయలేరా? అన్నట్టు మీ జిల్లా ఎడిషన్లో ఆదివారం ఆదివారం వచ్చే ఫుల్ పేజీ పళ్ళ యాడ్‌లోనూ ఆ నంబరు లేదు. ముందు మీరు అడగండి.

– ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ