వృత్తి గడిలో ‘కూలీ’ అంటే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

పని చేసేచోట శరీరంలోకి చేరే దుమ్ము, రసాయనాల మోతాదును అంచనా వేసే కంప్యూటర్ సాధనాలను ఆరోగ్య పరిశోధకులు ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ రూపొందించిన ‘సాకర్’ అనే సాధనం, ఉద్యోగం పేరు, చేసే పని, పరిశ్రమ వివరాలను చదివి ప్రామాణిక వృత్తి కోడ్‌ను సూచిస్తుంది; ఆ సూచన ఎంత నమ్మదగినదో స్కోరు కూడా ఇస్తుంది కనుక, అనుమానం ఉన్నవాటినే నిపుణులు మళ్లీ పరిశీలించవచ్చు. ఏ వృత్తిలో ఏ పదార్థం ఎంత తగులుతుందో చూపే పట్టికకు ఆ కోడ్‌ను జతచేసి, అందులో దొరికే మోతాదును పనిచేసిన ఏళ్లతో గుణిస్తారు.

ప్రకాశం జిల్లాకు ఇది అక్కరకొచ్చేదే, కానీ విదేశీ పట్టికను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది. చీమకుర్తి గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. అందులో క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా, బాగా తక్కువ. మార్కాపురం పలకల రాయి సంగతి వేరు. ఇక్కడి గాలి నమూనాలు తీసి కొలవకుండా రెంటినీ ‘రాతి పని’ కిందే వేస్తే సిలికా అంచనాకు అర్థమే ఉండదు. పనిచోట పీల్చే స్ఫటిక సిలికా దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మొదటి వర్గం క్యాన్సర్ కారకంగా, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలినదిగా గుర్తించింది.

అన్నిటికంటే ముందు మన ఓపీ చీటీలు మారాలి. వృత్తి గడిలో ‘కూలీ’ అని రాసి వదిలేస్తే, పొడి డ్రిల్లింగ్ చేసినవారెవరో, నీళ్లు పారే కట్టర్ దగ్గర నిలబడ్డవారెవరో, టిప్పర్ నడిపినవారెవరో ఏ యంత్రమూ చెప్పలేదు. ఏ పని, ఏ రాయి, ఎన్నేళ్లు అనే మూడు ప్రశ్నలను చీటీలో చేర్చాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు