లైట్ల కంటే ముందు తుప్పు సంగతి చూడండి

సంపాదకుడు గారికి,

రాజమహేంద్రవరం పాత రైలు వంతెనను, అదే మన హేవలాక్ బ్రిడ్జిని, అఖండ గోదావరి ప్రాజెక్టులో పర్యాటక కేంద్రంగా మారుస్తున్నారు. 2025 జూన్‌లో శంకుస్థాపన కూడా జరిగింది. సంతోషం. ఇది తుక్కుకు పోతుందేమోనని జనం కంగారుపడ్డ రోజులు నాకు గుర్తే. ఇప్పుడు నా టెన్షన్ వేరు. ముప్పై ఏళ్లు ఇనుప కట్టడాలు తయారుచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్లలో పనిచేసినవాణ్ని. మా కొవ్వూరులో ఎవరిని కదిపినా లైట్లు, సెల్ఫీల ముచ్చటే గానీ తుప్పు మాట ఎత్తడం లేదు.

మొదటి ఇనుప వంతెన నుంచి ఉక్కు గర్డర్ల (దూలాల) దాకా రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1779లో ఇంగ్లండ్‌లో సెవెర్న్ నది మీద కట్టిన ఇనుప వంతెన పోత ఇనుముది. పోత ఇనుము నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది, లాగితే పుటుక్కున విరుగుతుంది. కమానుగా కట్టారు కాబట్టి అది ఇప్పటికీ నిలిచి ఉంది. అదే ఇనుముతో రైలుకు దూలాలు వేస్తే 1847లో డీ నది మీద దూలం విరిగి రైలు కింద పడింది, ఐదుగురు పోయారు. తర్వాత చేత ఇనుముకు, అంటే లాగినా అంత సులువుగా విరగని సాగే ఇనుముకు, మళ్లారు. 1889 నాటి ఈఫిల్ టవర్ కూడా చేత ఇనుమే. కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే బెస్సెమర్ పద్ధతితో 1856 తర్వాత ఉక్కు చవకైనా, బ్రిటన్‌లో వంతెనలకు దాన్ని ఒప్పుకున్నది 1877లో.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1897లో, గోదావరి మీద పని మొదలైంది. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్, అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన పని చూసినాయన. రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు, 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు), రమారమి 2.7 కిలోమీటర్లు. 1900లో రైలు నడిచింది, 1997 దాకా నడుస్తూనే ఉంది.

వెల్డింగ్ లేని కాలం అది. రేకులను కలిపే మేకులాంటి రివెట్టును ఎర్రగా కాల్చి రంధ్రంలో దూర్చి, రెండో కొస సుత్తితో కొట్టి తల చేసేవారు. చల్లారేటప్పుడు అది కుంచించుకుపోయి రేకులను బిగించి పట్టుకుంటుంది. మా మనవడు ఆ తలలు చూసి "ఈ బొడిపెలేంటి తాతా?" అన్నాడు. అసలు చిక్కు ఆ అతుకుల దగ్గరే. రెండు రేకుల సందులో నీరు చేరితే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రేకులను విడదీసి, చివరికి రివెట్టు తలనే లేపేస్తుంది. పైపైన పెయింటు కొడితే కంటికి కనబడదు, లోపల పని మాత్రం ఆగదు.

అందుకే అధికారులకు నా మనవి. ముందు ప్రతి స్పాన్‌లో అతుకులు పరీక్షించి, తుప్పు గీకించి, పెయింటుకు ముందు వేసే అడుగు పూత, ప్రైమర్, వేయించండి. నీళ్లు నిలవకుండా దారి చేయండి. లైట్లు, దుకాణాలు ఆ తర్వాత. వాటి కోసం పాత గర్డర్లకు కొత్తగా రంధ్రాలు వేయొద్దు, వెల్డింగ్ చేయొద్దు. ఆ కాలపు ఉక్కు ఇప్పటి వెల్డింగ్‌కు సరిపడుతుందో లేదో పరీక్షించకుండా చెప్పలేం.

ఒక్క స్పాన్‌ను మాత్రం ఏ అలంకారమూ లేకుండా ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టండి. అక్కడ నిలబడితే 1974 నాటి ఉక్కు రోడ్డు కం రైలు వంతెన, 1997 నాటి కాంక్రీటు కమానుల వంతెన కూడా కనిపిస్తాయి. మూడింటికీ తేడా ఏమిటో ఆ బోర్డు మీద రాస్తే మా మనవడి లాంటి పిల్లలు చదువుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫ్యాబ్రికేషన్ సూపర్‌వైజర్,
కొవ్వూరు