కటాల సమయం తగ్గించడం లేదు, ఆయుధాల తరగతి మాత్రం మారుతోంది

తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన కరాటే తరగతుల్లో వారంలో సగం సమయం కటాలకే (నిర్ణీత క్రమంలో ఒంటరిగా చేసే కదలికల వరుసలకే) పోతోందని, అదే సమయాన్ని కుమితేకు, అంటే ఎదుటివారితో తలపడే పోరుకు, కేటాయిస్తే పిల్లలకు పోటీల్లో పతకాలు వస్తాయని గత బెల్టు పరీక్ష తర్వాత చాలామంది తల్లిదండ్రులు నాతో అన్నారు. కొందరు ఇదే కారణంతో పిల్లలను వేరే చోట చేర్పించారు. ఈ ఏడాది మన దగ్గర విద్యార్థుల సంఖ్య తగ్గిన మాట వాస్తవం. అయినప్పటికీ కటాల సమయాన్ని తగ్గించకూడదనే నిర్ణయించాను. దానికి కారణాలు ఏమిటో, ఆయుధాల తరగతిలో వచ్చే నెల నుంచి ఏమి మారుతుందో మీరు ఫీజు కట్టే ముందే చెప్పడం న్యాయం.

మనం నేర్పే షోటోకాన్ కరాటే శైలిలో పిల్లలు మొదట నేర్చుకునే హేయాన్ షోడాన్ కటాలో 21 కదలికలు ఉంటాయి. అందులో నాలుగో కదలికను గమనించండి. వెనక్కి తిరిగి, కిందికి వచ్చే దెబ్బను అడ్డుకున్న వెంటనే, ముందరి కాలిని వెనక్కి లాక్కుంటూ అదే చేతిని గుండ్రంగా తిప్పి పిడికిలి అడుగుభాగంతో పైనుంచి కొట్టాలి. ఒంటరిగా చేసినంత కాలం పిల్లలు దీన్ని ఒట్టి చేతి ఊపుగానే చేస్తారు. బంకాయ్ (కటా కదలికను ఎదుటి మనిషిపై ప్రయోగించి చూసే అభ్యాసం) సమయంలో నేను ఆ మణికట్టును గట్టిగా పట్టుకున్నప్పుడు, చేతి బలంతో గుంజుకోవాలని చూసిన పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. కాలిని వెనక్కి లాగినవాడి ఒంటి బరువంతా వెనక్కి వెళ్లి, నా బొటనవేలి వైపు పట్టు సడలుతుంది. కాలు, నడుము, చేయి ఒకేసారి కదలడం ఆ క్షణంలో కంగారుపడకుండా జరగాలంటే, అంతకుముందు ఒంటరిగా ఎన్నోసార్లు చేసి ఉండాలి.

అయితే కటా ఒక్కటే నేర్చుకుంటే ఎవరికీ పోరాడడం రాదు, వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. హేయాన్ కటాలకు మూలమైన పినాన్ కటాలను ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జపాన్‌లోని ఒకినావా దీవి బడిపిల్లల కోసం రూపొందించిన ఇతోసు అంకో, 1908లో రాసిన తన ప్రసిద్ధ లేఖలో, ఏ కదలిక దేహదారుఢ్యానికి, ఏది ప్రయోగానికి అన్నది సాధకుడు ముందే తేల్చుకోవాలని సూచించారు. అందుకే ఇకపై ప్రతి కటా తరగతిలో రెండో భాగం జోడీలతోనే సాగుతుంది. పతకాల విషయానికి వస్తే, అంతర్జాతీయ పోటీల్లో బంకాయ్ ప్రదర్శన జట్టు కటా పతకపు పోరుల్లో ఉంటుంది. వ్యక్తిగత కటాలో ఆ అవకాశం లేదు. పోటీకి వెళ్లాలనుకునే వారికి విడిగా శిక్షణ ఇస్తాను, కానీ తరగతి మొత్తాన్ని పోటీల కోసం మలచను.

ఆయుధాల శిక్షణలో నిర్ణీత కటాల అవసరం ఇంకా ఎక్కువ. ఖాళీ చేతులతో తప్పు జరిగితే బొబ్బతో పోతుంది, ఆరడుగుల బో కర్రతో తప్పు జరిగితే పక్కవాడి పన్ను ఊడుతుంది. ఎంత దూరంలో నిలబడాలో, పట్టు ఎప్పుడు మార్చాలో, తిరిగేటప్పుడు కర్ర వెనుక కొన ఎటు పోతుందో ముందుగా కటాలోనే ఒంటికి పట్టాలి. ఒకినావా ఆయుధ కటాలు అంతరించిపోకుండా ఊరూరా తిరిగి సేకరించిన టైరా షింకెన్ (1897–1970) లాంటి వారి శ్రమ వల్లనే ఇవి మనదాకా వచ్చాయి. త్సుకెన్ దీవి పేరుతో ఉన్న పడవ తెడ్డు కటాలో, తెడ్డు కొనతో ఇసుకను ఎగజిమ్మి ప్రత్యర్థి కళ్లలో కొట్టే కదలిక ఉంది. గచ్చు నేల మీద దీన్ని చేయడం వింతగా ఉందని, వదిలేయవచ్చా అని పై బెల్టు విద్యార్థి ఒకరు అడిగారు. వదిలేస్తే ఆ తర్వాతి దెబ్బ ఎందుకు అంత తీరికగా పడుతుందో అర్థం కాదు. ఈ విద్య సముద్రపు ఒడ్డున జాలరుల చేతుల్లో పెరిగిందన్న సంగతీ కటాలోంచి జారిపోతుంది.

మన కర్రసామునే నేర్పవచ్చు కదా అని ఒక తాతగారు అడిగారు. దాని అడుగులు వేరు, కర్ర తిప్పే తీరు వేరు. నాకు అది రాదు గనుక రెండింటినీ కలిపి నేర్పడం మోసమవుతుంది. కావలసిన వారు కర్రసాము గురువు దగ్గరికే వెళ్లడం మంచిది.

వచ్చే నెల నుంచి ఆయుధాల తరగతిలో ఎనిమిది మందికి మించి చేర్చుకోను, ఎందుకంటే మన హాలులో అంతకంటే ఎక్కువ కర్రలు తిరగడానికి చోటు లేదు. హాలు అద్దె మాత్రం అంతే ఉంటుంది కాబట్టి ఈ తరగతి ఫీజు పెరుగుతుంది. కరాటే తరగతుల ఫీజులో మార్పు లేదు. హేయాన్ కటాలు అయిదూ పూర్తి చేయని వారిని ఇందులోకి తీసుకోను. అంతవరకు నుంచాకు (గొలుసుతో కలిపిన రెండు కర్రలు), సాయ్ (మూడు మొనల లోహపు ఆయుధం) లాంటివి ఆన్‌లైన్‌లో కొని పిల్లల చేతికి ఇవ్వవద్దని మనవి. మొదటి కొన్ని నెలలు కర్రలు నేనే ఇస్తాను; పిల్లల ఎత్తు, చేతి పట్టు చూశాక ఏ కొలతది కొనాలో ఒక్కొక్కరికీ విడిగా చెబుతాను.