గడువు పెంచితే ఎవరి వల్ల ఎన్ని రోజులో కూడా చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఊరి రైల్వే గేటు మీద బ్రిడ్జి 18 నెలల్లో అయిపోవాలి, ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. పోయిన నెల గేటు పడి ఉంటే నొప్పులు పడుతున్న అమ్మాయిని ఆటోలో పెట్టుకుని వాళ్ళ అమ్మ గేట్‌మ్యాన్‌ని బతిమాలుతోంది, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు. మొన్న "మరో 9 నెలలు గడువు పెంపు" అని రెండు లైన్ల వార్త చూశా. ఎవరి వల్ల ఎన్ని రోజులు పోయాయో అందులో లేదు. నేను అసిస్టెంట్ ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యాను, ఈఓటీ (గడువు పెంపు) ఫైళ్ళు ఎలా తయారవుతాయో తెలుసు కాబట్టి రాస్తున్నా.

ఆలస్యం అంతా కాంట్రాక్టర్ మీదకే తోసేయడం అన్యాయం. చాలా పనుల్లో స్థలం టైంకి అప్పగించేది లేదు, కరెంటు స్తంభాలు తీయించేది లేదు, డ్రాయింగ్ ఇచ్చేది లేదు, అవన్నీ డిపార్ట్‌మెంట్ తప్పులే, వాటికి టైం ఇచ్చి తీరాలి. గొడవంతా ఎన్ని రోజులు అన్న దగ్గరే. ఉదాహరణకి స్తంభాల వల్ల జూన్ 1 నుంచి జులై 10 దాకా 40 రోజులు, వానల వల్ల జులై 1 నుంచి 20 దాకా 20 రోజులు అని రాసి ఫైల్లో 60 రోజులు అడుగుతారు. కానీ పది రోజులు రెండిట్లోనూ ఉన్నాయి కదా, క్యాలెండర్ చూస్తే మొత్తం 50 రోజులే. పైగా స్తంభాలు ఉన్నది బ్రిడ్జి మీదకి ఎక్కే అప్రోచ్ రోడ్డు వైపు, ఆ టైంలో గర్డర్లు (బ్రిడ్జి దూలాలు) యార్డులో పోస్తూనే ఉన్నారు, గర్డర్లు ఎక్కించేదాకా అప్రోచ్ పని ఎలాగూ మొదలవ్వదు అనుకోండి, అప్పుడు స్తంభాల వల్ల పూర్తయ్యే తేదీ ఒక్క రోజు కూడా జరగలేదు. ఇక జులైలో వాన గోదావరి జిల్లాలో కొత్తా? 18 నెలలు అని టెండర్ వేసినప్పుడే వానాకాలం లెక్కలో ఉంది, మామూలు కంటే ఎక్కువ పడ్డదానికే టైం ఇవ్వాలి.

ఈ లెక్క అప్పటికప్పుడు చేస్తేనే కుదురుతుంది. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) కాంట్రాక్టుల్లో అడ్డంకి వచ్చిన 14 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలన్న షరతు ఎప్పట్నుంచో ఉంది, పనికి వచ్చిన అడ్డంకులు ఏరోజుకారోజు రాసే హిండ్రెన్స్ రిజిస్టర్ ఉన్నదీ అందుకే. నా సర్వీసులో ఒక పనికి రెండేళ్ళ రిజిస్టరు ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి రాయించారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే పెన్ను. వాన వల్ల పని ఆగిందని రాసిన తేదీల్లో మూడింటికి మా ఎంబుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) కాంక్రీట్ కొలతలు ఉన్నాయి. చూసి కూడా సంతకం పెట్టాను, ఆ తప్పు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పటికప్పుడు తేల్చకపోతే డబ్బులూ పోతాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 55 ప్రకారం గడువు దాటాక చేసిన పనిని తీసుకునేటప్పుడు, నష్టపరిహారం అడుగుతామని నోటీసు ఇవ్వకపోతే తర్వాత అడిగే హక్కు ఉండదు. ఆఫీసులో ఫైలు నానుతూ ఉంటే జనం సొమ్ముకి జవాబుదారీ ఎవరు? అలాగే తప్పు డిపార్ట్‌మెంట్‌దైనప్పుడు నిజాయితీగా పని చేసిన కాంట్రాక్టర్ కూడా ఫైనల్ బిల్లు కోసం ఏళ్ళ తరబడి తిరుగుతాడు.

కరోనా టైంలో కేంద్ర ఆర్థిక శాఖ 2020 మే 13న ఇచ్చిన ఉత్తర్వు నాకు బాగా నచ్చింది. 3 నుంచి 6 నెలలు పెనాల్టీ లేకుండా పెంచమంది, కానీ ఫిబ్రవరి 19 నాటికే ఒప్పందం తప్పి ఉన్నవాళ్ళకి అది వర్తించదని కూడా రాసింది. అంటే కరోనాకి ముందే వెనకబడ్డవాడు కరోనా పేరు చెప్పుకోకూడదు. వానకీ ఇసుక కొరతకీ కూడా ఇదే పద్ధతి పెట్టొచ్చు, మండలంలో రోజూ కొలిచే వర్షపాతం లెక్క ఉండనే ఉంది కదా.

మా బ్రిడ్జి దగ్గర బోర్డు మీద పని పేరు, అంచనా విలువ ఉన్నాయి, పూర్తి చేయాల్సిన తేదీ మీద మాత్రం తెల్ల పెయింట్ వేసేశారు, ఆర్నెల్లుగా అది ఖాళీగానే ఉంది. అక్కడ పాత తేదీ, కొత్త తేదీ, పెంచిన రోజుల్లో డిపార్ట్‌మెంట్ వల్ల ఎన్ని, కాంట్రాక్టర్ వల్ల ఎన్ని, వాన వల్ల ఎన్ని అని నాలుగు లైన్లు రాయించమని కలెక్టర్ గారిని మీ పేపర్ ద్వారా కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ అసిస్టెంట్ ఇంజనీర్, పశ్చిమ గోదావరి జిల్లా