రెండువైపులా పదునుంటే బాకేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఎన్నికల ముందు ఒక సాయంత్రం ఆంధ్రాలోని పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి వస్తున్నాను. బండి డిక్కీలో కొత్త కత్తి ఉంది. కమ్మరి దగ్గర చెప్పి చేయించుకున్నది, లారీ కమాను పట్టీతో కొట్టినది. ముందు అంచు కొమ్మలు నరకడానికి. వెనక, మొన దగ్గర నాలుగు వేళ్ల మేర ఇంకో పదును, అది ఈత కమ్మ చీరడానికి. మా ఇంట్లో ఈత చాపలు అల్లుతారు.

తనిఖీలో ఒక కానిస్టేబుల్ దాన్ని ఒడియాలో 'భుజాలి' అన్నాడు. పై అధికారి అటూ ఇటూ తిప్పి చూసి, "రెండువైపులా పదునుంది కదా, డాగర్" అని, అంటే బాకు అని కాగితం మీద రాసుకున్నాడు. నేను కమ్మలు కోసే కత్తి అంటున్నాను. ఒకే ఇనుప ముక్కకు పది నిమిషాల్లో మూడు పేర్లు! గంటన్నర కూర్చోబెట్టి, కమ్మరితో ఫోన్లో మాట్లాడాక వదిలేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఎన్నికల టెన్షన్ వాళ్లకీ ఉంటుంది. కానీ ఆ రాత్రే కూర్చుని చట్టం చదివాను.

1959 ఆయుధాల చట్టంలో బాకుకు నిర్వచనమే లేదు. ఎన్ని అంచులుండాలన్న మాటా లేదు. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారైనది, లేదా అలా మార్చినది ఆయుధం. కేవలం ఇంటి పనికో సాగు పనికో చేసినది ఆయుధం కాదు. చిక్కంతా ఆ 'కేవలం' దగ్గరే ఉంది. కమ్మ చీరే కత్తితో మనిషినీ పొడవొచ్చు కదా అంటే ఏం చెప్పాలి? ఆ లెక్కన కత్తిపీట కూడా ఇంట్లో ఉండకూడదు.

2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఖడ్గాలు, బాకులు, బల్లేలు, కృపాణాలు, ఖుక్రీలు అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. చివర్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న అలాంటి ఇతర ఆయుధాలు అని కొలత ఇచ్చి, ఇల్లు, సాగు, పరిశ్రమల పనిముట్లను మినహాయించారు. ఆ కొలత బాకుకు కూడా వర్తిస్తుందా, బాకు ఎంత పొట్టిదైనా బాకేనా? వాక్యాన్ని రెండు రకాలుగానూ చదవొచ్చు. నా కత్తి ఏడంగుళాలు. బజార్లో కొబ్బరి బొండాలు కొట్టే కత్తి దానికన్నా పెద్దది, దాన్నెవరూ ఆపరు.

ఇలాంటి కత్తి దగ్గర ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలంటే ఆ ప్రాంతానికి 4వ సెక్షన్ కింద గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి. ఢిల్లీలో 1980లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో బటన్ నొక్కితే తెరుచుకునే కత్తులకు కనీసం 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు అని సరిగ్గా కొలత రాశారు. అమెరికాలో మసాచుసెట్స్ చట్టం రెండంచుల కత్తి అని నేరుగానే పేరు పెట్టి చెబుతుంది. కాలిఫోర్నియా అంచులు లెక్కపెట్టదు, పొడవడానికి సిద్ధంగా పనికొస్తుందా అని చూస్తుంది. మన దగ్గర ఆ లెక్క తనిఖీకి నిలబడిన మనిషి కంటికే వదిలేశారు.

నాకన్నా కమ్మరికే భయం ఎక్కువ. నిర్దేశించిన రకం ఆయుధాలు చేసి అమ్మాలంటే 5వ సెక్షన్ లైసెన్స్ అడుగుతుంది. "బాకులు కొడుతున్నావని నా మీదే కేసు పెడితే?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. మరోపక్క, పొడవడానికి తప్ప దేనికీ పనికిరాని రెండంచుల కత్తులు ట్రెక్కింగ్ సామానంటూ పార్సిల్లో కుర్రాళ్ల ఇంటికే వస్తున్నాయి. తనిఖీ చేయాల్సింది అక్కడ కాదా?

గజపతి, రాయగడ, గంజాం జిల్లాల అధికారులు తమ జిల్లాకు 4వ సెక్షన్ నోటిఫికేషన్ ఉందో లేదో, ఉంటే ఏ కత్తికి ఎంత కొలతో ఒడియా, తెలుగు, సవర భాషల్లో చెక్‌పోస్టుల దగ్గర, సంతల్లో బోర్డు పెట్టాలి. పనిముట్టు పట్టుకుంటే రసీదు ఇవ్వాలి, అందులో అంచుల సంఖ్యతో పాటు అది ఏ పనికో కూడా రాయాలి.

నా కత్తికి వెనక పదును తీయించేశాను. ఇప్పుడు కమ్మ చీరడానికి ఇంకో చిన్న కత్తి కొన్నాను. డిక్కీలో రెండు కత్తులున్నాయి.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా