మకాం దొడ్డిలో కూరగాయల తోట: 2024–25 వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది ఉగాదినాడు రామాలయం అరుగు మీద కూర్చుని మనం ఒక తీర్మానం చేసుకున్నాం. కాలవకట్ట పక్కన పాతికేళ్ళుగా తాళం పడి ఉన్న మకాం (పాత డాబా ఇల్లు) దొడ్డిని బాగుచేసి, ఊరందరికీ పనికొచ్చేలా కూరగాయల తోట వెయ్యాలని. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో పెద్దది అదే. చలివేంద్రం, వైద్య శిబిరం, వినాయక చవితి ఎప్పటిలాగే సవ్యంగా జరిగాయి. వాటి పద్దులు కోశాధికారి గారు సభలో చదువుతారు. నేను మాత్రం దొడ్డి సంగతే వివరంగా రాస్తున్నాను.

ముందుగా మకాం వారసులకు కృతజ్ఞతలు. హైదరాబాదులో స్థిరపడ్డ ఆ కుటుంబం దొడ్డి 38 సెంట్లూ ఐదేళ్ళపాటు వాడుకోమని కాగితం రాసిచ్చింది, పైసా అద్దె అడగలేదు. దివిసీమలో ఉన్నవాళ్ళకు ఈ మకాం విలువ వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దీని డాబా ఎక్కి బతికినవాళ్ళు మన సభ్యుల్లో ఇంకా ఉన్నారు. గేటు తాళం తీసిన రోజున వాళ్ళలో ఒక పెద్దావిడ తలుపు గడప తాకి కళ్ళకద్దుకున్నారు. ఆ తరవాత ఏ ఆదివారమూ పనికి మనుషులు తక్కువ పడలేదు.

మే నెలంతా నరకడం, పెరకడమే. సర్కారు తుమ్మ నిలువెత్తున అల్లుకుని డాబా మెట్లు కూడా కనపడని స్థితి. మొదటి ఆదివారం గొడ్డళ్ళతో మొదలంటా నరికాం. మూడో ఆదివారానికి ఆ మొదళ్ళలోంచే గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు వచ్చాయి. ఈ తుమ్మను వేరుమొదలుతో సహా పెకలిస్తేనే చస్తుంది. రెండు రోజులు జేసీబీ పెట్టించి మొదళ్ళన్నీ తీయించాం. లావుపాటి కర్రలు కంచె గుంజలకు పనికొచ్చాయి, మిగతావి వంటచెరకుగా పంచాం. వయ్యారిభామ కలుపును పూతకు రాకముందే, చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకించాం. దాని పుప్పొడికి ఉబ్బసం ఉన్నవాళ్ళు అల్లాడిపోతారు, చర్మం దద్దుర్లెక్కుతుంది. అందుకని పిల్లల్ని ఆ పనికి రానివ్వలేదు.

పాముల విషయంలో గట్టిగా ఉన్నాం. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు మనల్ని ఎంత భయపెట్టాయో మరిచిపోలేం. బూట్లు లేనిదే లోపలికి అడుగు పెట్టకూడదు, ఇటుకల గుట్టలో చెయ్యి పెట్టకూడదు, ముందు పొడుగు కర్రతో తట్టాలి అని నియమం పెట్టుకున్నాం. ఇటుకల కింద ఒక కట్లపాము కనపడింది. పాములు పట్టే అతన్ని పిలిపించి దూరంగా వదిలించాం. ఏడాది పొడుగునా ఒక్కరికీ కాటు పడలేదు.

అన్నిటికంటే సతాయించింది తుంగ. పైకి చూస్తే జానెడు గడ్డి మొక్కే. ఒక్క మొక్కను గునపంతో చుట్టూ జాగ్రత్తగా తవ్వి తీస్తే, దారానికి గుచ్చిన పూసల్లా కిందికి ఏడు గడ్డలు వేలాడుతూ వచ్చాయి. నల్లగా, రేగిగింజంత. చేత్తో పీకినప్పుడు తీగ తెగి గడ్డలు లోపలే ఉండిపోతాయి, వారం తిరక్కుండా ఒక్కోటీ ఒక్కో మొక్కవుతుంది. రోహిణి కార్తెలో ట్రాక్టరుతో లోతుగా దున్నించి, పెళ్ళలు తిరగేసి ఎండకు వదిలేశాం. సగం గడ్డలు ఎండి చచ్చాయి. మిగతా సగంతో ఇప్పటికీ పోరాటమే.

ఇక్కడ కార్యవర్గం తరఫున ఒక పొరపాటు ఒప్పుకోవాలి. నేల శుభ్రంగా కనపడేసరికి ఆగలేకపోయాం. జూన్ మూడో వారంలో బెండ, గోరుచిక్కుడు, బీర గింజలు పెట్టేశాం. మనది చివరి ఆయకట్టు, కాలవ నీళ్ళు ఇంకా రాలేదు. దొడ్డిలో నుయ్యి ఉందిగదా అని మోటారు బాగుచేయించి ఆ నీళ్ళే పెట్టాం. మొలకలు చక్కగా వచ్చాయి. పదిరోజులకు ఆకు అంచులు మాడాయి, ఇరవై రోజులకు వరసలకు వరసలే పోయాయి. తెల్లారి వెళ్ళి చూస్తే మట్టి మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర. నేల ఉప్పు పూసింది. ఆ ముందే చెప్పిన పెద్దావిడ చిటికెడు మట్టి నాలుక చివర పెట్టుకుని ఉమ్మేసి, "ఇది నూతి నీళ్ళ ఉప్పు నాయనా, ఉప్పెన తరవాత మా చేలన్నీ ఇట్టాగే పూసినయ్" అన్నారు. విత్తనాల ఖర్చు, రెండు ఆదివారాల శ్రమ వృథా అయ్యాయి. అడక్కుండా, పరీక్ష చేయించకుండా నీళ్ళు పెట్టింది మేమే.

జులైలో మట్టికీ నీటికీ పరీక్ష చేయించాం. మట్టిలో లవణ సూచిక (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 5.2 వచ్చింది. 4 దాటితే చౌడు కిందే లెక్క. ఉదజని సూచిక (pH) 7.9. అంటే మనది పాలచౌడు (ఉప్పు ఎక్కువైన నేల), కారుచౌడు (క్షారం ఎక్కువైన నేల) కాదు. ఈ తేడా సభ్యులందరూ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే జిప్సం తెప్పిద్దామని అప్పటికే కొందరు పట్టుబడుతున్నారు. జిప్సం కారుచౌడుకి మందు. పాలచౌడుకి కావలసింది మంచినీళ్ళు, ఆ నీళ్ళు బయటికి పోయే దారి. నేలలోంచి ఉప్పు కడిగి పంపాలి, అంతే. అందుకని దొడ్డి నాలుగు వైపులా అడుగున్నర లోతు కాలవ తీసి మురుగు కోడులో (ఊరి మురుగు నీళ్ళు పోయే కాలవ) కలిపాం. నూతి మోటారుకు తాళం వేశాం. కాలవ నీళ్ళు రాగానే మడి కట్టి రెండుసార్లు నిండా పెట్టి, ఇంకిన తరవాత మిగిలింది బయటికి వదిలాం.

జులై 28న జీలుగ చల్లాం, పెరిగాక దున్ని మట్టిలో కలిపే పచ్చిరొట్ట పైరు అది. ఊళ్ళో అసంతృప్తి వినపడింది, కూరగాయల తోటని చెప్పి పశువుల మేతలా ఏదో పెంచుతున్నారని. సెప్టెంబరు మొదట్లో వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదకు కరకట్ట లోపలి లంక ఊళ్ళు ఎంత దెబ్బతిన్నాయో చూశాం. మనకు కట్ట కాపు కాసింది గానీ మురుగు కోడు ఎదురుతన్ని దొడ్డిలో మూడు రోజులు మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. అక్కడ వంగో టమాటో ఉంటే కుళ్ళిపోయేది. జీలుగ మాత్రం తల పైకెత్తి అలాగే నిలబడింది. చౌడుకీ, నీటి ముంపుకీ తట్టుకునే పైరు అది. నీళ్ళు తీసేటప్పుడు ఉప్పును కూడా కొంత పట్టుకుపోయాయి. సెప్టెంబరు 15న, సరిగ్గా నలభై తొమ్మిదో రోజున, పూత పడుతుండగా దున్ని మట్టిలో కలిపేశాం. అక్టోబరు చివర మళ్ళీ పరీక్ష చేయిస్తే లవణ సూచిక 2.1కి దిగింది. ఆ కాగితం గుడి నోటీసు బోర్డుకు అంటించాం, చూసే ఉంటారు.

కార్తీకం మొదటి ఆదివారం, నవంబరు 3న, అసలు విత్తనం వేశాం. ఈసారి బోదె (మట్టి ఎగదోసిన గట్టు) నెత్తిన కాకుండా, బోదె పక్క వాలులో సగం ఎత్తున గింజ పెట్టించాం. తడి ఆరేకొద్దీ ఉప్పు బోదె నెత్తికే చేరుతుంది, పక్కన వేరుకు ఇబ్బంది తక్కువ. మొక్కల మధ్య వరిగడ్డి పరిచాం. నేల ఎండకు నేరుగా ఆరకపోతే కింది ఉప్పు పైకి రాదు. పాలకూర బ్రహ్మాండంగా వచ్చింది, అది ఉప్పుకు ఓర్చుకుంటుంది. తోటకూర, గోంగూర, వంగ బాగానే వచ్చాయి. టమాట ఓ మోస్తరు. పేనుబంకకు, పురుగుకు వేపగింజల కషాయం తప్ప వేరే మందు కొట్టలేదు. వంగలో కాయతొలుచు పురుగు తిన్నది తినగా మిగిలిందే మనది.

చిక్కుడు కథ వేరు. అది ఉప్పును బొత్తిగా సహించదు. అందుకని శ్రావణంలోనే డాబా అరుగు పక్కన సిమెంటు వరల్లో చెరువు మట్టి నింపి పెట్టాం. వరద అంత ఎత్తుకు రాలేదు. పొద్దు తగ్గేకొద్దీ పూత ఎక్కి, మార్గశిరానికి అరుగు మీది పందిరంతా ఊదారంగు గుత్తులే. సంక్రాంతికి ఊళ్ళో ప్రతి ఇంటికీ అరకిలో చిక్కుడుకాయలు అందాయి. డిసెంబరు నుంచి అంగన్‌వాడీకి వారానికి రెండు రోజులు ఆకుకూర ఇస్తున్నాం.

తోట లెక్క ఇది. పాత నిల్వ 18,400 రూపాయలు, 62 కుటుంబాల చందా 37,200, విరాళాలు 25,000, మిగులు కూరగాయలు అమ్మగా వచ్చింది 11,350. మొత్తం జమ 91,950. జేసీబీకి 17,600, కంచెకు 21,500, మోటారు, గొట్టాలకు 14,200, విత్తనాలు, వేపపిండికి 6,850, దుక్కులకు 4,500, బూట్లు, పరీక్షలు, చిల్లర ఖర్చులకు 5,300. మొత్తం ఖర్చు 69,950, నిల్వ 22,000. ఇందులో మోటారు ఖర్చు చాలావరకు మా తొందరపాటుదే.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. వేసవిలో కాలవ కట్టేస్తారు కాబట్టి, దొడ్డి దక్షిణం మూల ఉన్న పాత గుంటను పూడిక తీయించి, కాలవ ఉన్నప్పుడే నింపుకోవాలి. నూతి నీళ్ళు మళ్ళీ మొక్కకు పెట్టకూడదని తీర్మానం రాసుకోవాలి. రెండోది, మే నెలలో తుంగ కోసం ఇంకోసారి వేసవి దుక్కి. దీనికి నాలుగు ఆదివారాలు ఇంటికొకరు రావాలి. కిందటేడు ఎక్కువ శ్రమ ఆడవాళ్ళదే. ఈసారి మగవాళ్ళూ అంతే రావాలని నా మనవి.

సర్వసభ్య సమావేశం ఏప్రిల్ 13, ఆదివారం సాయంత్రం ఐదింటికి మకాం అరుగు మీద. చిక్కుడు విత్తనం బూడిదలో కలిపి సీసాల్లో దాచాం. పెరట్లో వేసుకునేవాళ్ళు ఆ రోజు గుప్పెడు పట్టుకెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి