గుండూ, త్రిభుజం పడిపోయిందిరా

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ గుండూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నదానికి పళ్లొస్తున్నాయి, మేడమీద గది సగంలో ఆగింది. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

మా ఆవిడ వసారాలో చిన్నపిల్లల బడి నడుపుతోంది కదా. సగం తెలుగు గుంటలు, సగం ఒడియా, కొందరు సవర పిల్లలు. ఆవిడకి జ్వరం రావడంతో బడి నా నెత్తిన పడింది. ఆకారాలు నేర్పమంది.

గుండ్రం దగ్గర నిన్నే తలచుకున్నాను, ఏమనుకోకు. పళ్లెంలో బియ్యప్పిండి పోసి వేలితో గీయమంటే మూడేళ్లవాడు కూడా సున్నా చుట్టేశాడు. ఆపమన్నా ఆపడే! చదరం కూడా మూలలు వంపు తిరిగినా పరవాలేదు. గొడవంతా త్రిభుజంతోనే.

గచ్చు మీద సుద్దతో పెద్దది గీశాను, మొన కిందికి ఉండేలా. ఇదేంటి అంటే ఎవరూ పలకరు. పక్కనే మొన పైకి పెట్టి ఇంకోటి గీస్తే "త్రిభుజం!" అని ఒకటే అరుపు. మరి ఇదో? "అది కాదు సార్, పడిపోయింది" అంది ముందు కూర్చున్న పిల్ల. మూడు గీతలు, మూడు మూలలు, లెక్కపెట్టించాను. లెక్క ఒప్పుకున్నారు, త్రిభుజమని మాత్రం ఒప్పుకోరు! మన డ్రాయింగు మాస్టారు కళ్ల ముందు మెదిలారు. (ఆ కంపాసు సంగతి రాయనులే, నా ఉత్తరాలు మీ ఆవిడ చదువుతుందని తెలుసు.)

అప్పుడు వెనక నుంచి ఒక గుంటడు లేచాడు. నోరు విప్పే రకం కాదు. ఒంటేలుకేమో అనుకున్నాను. గీత తొక్కకుండా చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి నిలబడ్డాడు. తల వంచి చూసి, "ఇక్కణ్ణించి త్రిభుజమే" అన్నాడు.

గుంపంతా అటు పరుగు. అటు వెళ్తే ఇందాకటి మంచి త్రిభుజం పడిపోయింది కదా! మళ్లీ ఇటు పరుగు. తోపులాట, ఒకడి ఏడుపు, సుద్దగీతలన్నీ మాయం. నేను నవ్వలేక చచ్చాను.

రాత్రి ఆవిడ చెప్పింది, ఆ వయసులో మొత్తం రూపు చూసే పోల్చుకుంటారట, భుజాలు లెక్కపెట్టి కాదు. 1957లోనే హాలండులో వాన్ హీలె అనే టీచర్లు, మొగుడూ పెళ్లాం, దీనిమీదే థీసిస్‌లు రాశారట. ఎప్పుడూ మొన పైకున్నదే చూపిస్తే పిల్లలేం చేస్తారు? సన్నటిదీ, పక్కకి వాలిందీ కూడా చూపించాలి. సమోసా చూపించి త్రిభుజం అనడం నాకసలు నచ్చదు, దాని అంచులు ఉబ్బి ఉంటాయి కదా... సరే, అది మళ్లీ.

అంత కనిపెట్టిన ఆ గుంటడికి త్రిభుజం గీయడం రాదురా! నిలువు గీత దించాడు, అడ్డగీత లాగాడు, ఏటవాలు దగ్గర వేలు ఆగిపోయింది. పళ్లెం తోసేశాడు. ప్రాణం ఉసూరుమంది. గుర్తుపట్టడం వేరు, చెయ్యి తిరగడం వేరు. చూసి గీయడానికి గుండ్రం దాదాపు మూడేళ్లకి, చదరం నాలుగు దాటాక, త్రిభుజం అయిదు దగ్గర వస్తాయట. డైమండుకి ఆరేడేళ్లు పట్టొచ్చు. వీడికి నాలుగే. ఆవిడ అట్టలో త్రిభుజాకారంగా కన్నం కోసిచ్చింది. అంచు వెంబడి ముందు వేలు తిప్పాడు, తర్వాత సుద్దముక్క. పొట్టి ముక్క అయితేనే వేళ్లకి పట్టు కుదురుతుందట. మూల రాగానే ఆగుతాడు, ఊపిరి పీల్చి అప్పుడు తిరుగుతాడు!

వాళ్ల నాన్నేమో "అఆలు ఎప్పుడు రాయిస్తారు" అంటాడు. ఒళ్లు మండింది. మన అక్షరాలైనా ఒడియా అక్షరాలైనా చెయ్యి గుండ్రంగా తిరక్కపోతే వస్తాయా? పైకి మాత్రం ఏమీ అనలేదు.

ఈసారి సవర గోడబొమ్మలు చూపిద్దామనుకుంటున్నాను. అందులో మనుషుల ఒళ్లు త్రిభుజాలే కదా, మనవాడు వాటిని ఎటు నుంచి...

బావమరిది వచ్చేశాడు. విశాఖ రైలుకి వెళ్తున్నాడు, కవరు ఇమ్మని గుమ్మంలో గునుస్తున్నాడు. మీ చంటాడి చేత ఒక త్రిభుజం గీయించి పంపు. నువ్వు చెయ్యి పెట్టకు, నీ గీత నాకు తెలుసు.

ఉంటా,
నీ కొలబద్ద